స్నానం రోజు నుంచి పెట్టిన లెక్క

నా మనవరాలంటే నాకు అసూయ. ప్రేమా ఉంది. కాని పోయిన నెల పదమూడో తారీకు ఆదివారం నాడు ముందుగా వచ్చింది అసూయే.

అది నా మూడో కూతురి కూతురు. పెళ్ళై ఐదు నెలలు. రాజమహేంద్రవరంలో బీఎడ్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆ ఆదివారం మొగుడితో కలిసి మొగల్తూరులో మా ఇంటికి వచ్చింది. గుడిలో ఆరాధన అయ్యాక మేమిద్దరం వంటింట్లో కూర్చుని రొయ్యలు వలుస్తున్నాం. అబ్బాయి వీధి అరుగు మీద ఉన్నాడు.

"అమ్మమ్మా, ఒక డేట్ చూసిపెట్టవే."

మా ఇంట్లో తారీకులన్నీ నా దగ్గరే ఉంటాయి. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో, ఏ బిడ్డకి ఏ సూది ఎప్పుడు వేయించామో అన్నీ రాసి ఉంటాయి.

"దేని డేటే?"

"శుక్రవారం రాత్రి మా దగ్గర కండోమ్ ప్యాకెట్ అయిపోయింది. ఒక్కసారికి ఏమవుద్దిలే అనుకున్నాం."

గొంతు కూడా తగ్గించలేదు. చేతిలో రొయ్య వలుస్తూనే చెప్పింది. మా వారు పోయేదాకా సాగిన నలభై ఒక్క సంవత్సరాల కాపురంలో ఇలాంటి మాట నేను ఆయనతో ఒక్కసారే అన్నాను. ఆయన తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

"ఫోన్లో యాప్ డేంజరంటోంది. నీ లెక్క ప్రకారం భయం లేదు. స్నానం రోజు నుంచి ఏడు రోజులు ఫర్వాలేదని అమ్మకి నువ్వే చెప్పావంట కదా. నాకు ఒకటిన వచ్చింది, ఐదున తలస్నానం. శుక్రవారం పదకొండు. ఏడో రోజేగా? నువ్వు ఔనన్నావంటే నాకు దిగులుండదు."

ఆ లెక్క నాదే. మేం మూడు తరాలుగా లూథరన్ క్రైస్తవులమే అయినా, నెలసరి వస్తే ఐదో రోజు తలస్నానం చేసేదాకా వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు మా అత్తగారు. అందుకని మా వీధి ఆడవాళ్ళందరికీ నెల మొదలయ్యేది స్నానంతోనే. నెలలో మొదటి రోజుల్లో గర్భం వచ్చే భయం తక్కువని సంఘం స్త్రీల కూటంలో ఎవరో చెప్పగా విన్నాను. ఆ మొదటి రోజుని నేను స్నానం నుంచి లెక్కపెట్టాను. గుడి క్యాలెండరులో బైబిలు వాక్యం కింద పెన్సిలు చుక్కలు పెట్టుకునేదాన్ని. నా ఏడో రోజు నిజానికి పదకొండో రోజు. నాకు నెల ఇరవై ఆరు రోజులకే తిరిగేది. అంటే సరిగ్గా ప్రమాదమున్న రోజుల్లో, భయం లేదనుకుని ధైర్యంగా ఉన్నాను.

రాజమండ్రిలో టీచర్ ట్రైనింగుకి సీటు వచ్చినట్టు ఉత్తరం అందేసరికి నాకు మూడో నెల. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు మా వారు. ఆ వచ్చే ఏడు రాలేదు. ట్రైనింగు లేని టీచరుగానే రిటైరయ్యాను. మా తోడికోడలు ఇద్దరు పిల్లలు కాగానే కాపర్-టీ వేయించుకుని హెడ్మిస్ట్రెస్ అయ్యింది. ఆమె ఇంటికి ఎప్పుడు వెళ్ళినా గోడమీది ఆ సన్మాన ఫొటోకి వీపు పెట్టి కూర్చునేదాన్ని.

లెక్క ఎక్కడ తప్పిందో పురుడు పోసిన నర్సమ్మ చెప్పింది. "మైల కనపడ్డ రోజే ఒకటో రోజండీ." అప్పటి నుంచి నాకు తెలుసు. వీధిలో ఎవరు తారీకులు అడిగినా కళ్ళు కనపడటం లేదని తప్పించుకున్నాను. ఆ కాన్పులో పుట్టిన మూడో కూతురు పెళ్ళయ్యాక నా పాత లెక్క వీధిలో విని వచ్చి అడిగితే మాత్రం, దిద్దలేక ఔనన్నాను. దిద్దితే, నువ్వు నా లెక్కలో తప్పువి అని చెప్పినట్టే కదా.

ఇప్పుడు ఆ తప్పు మనవరాలి దాకా వచ్చింది.

"భయం లేదు" అంటే చాలు, నా లెక్క నిలబడుతుంది. దీనికీ తెలుస్తుంది కదా, చేతిలో సీటు, కడుపులో బిడ్డ ఉంటే ఎలా ఉంటుందో అనుకున్నాను. నేనే అనుకున్నాను. నాలుగు రొయ్యలు వలిచాను.

"శుక్రవారం ఎన్నింటికి?" అన్నాను.

"అమ్మమ్మా!"

"గంట చెప్పవే."

"పదింటికి."

గడియారం పన్నెండు చూపిస్తోంది. ముప్పై ఎనిమిది గంటలు గడిచాయి. డెబ్భై రెండు గంటల్లోపు వేసుకోవాలని, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిదని మా వీధి ఆశా వర్కరు అమ్మాయి చెప్పిన మాత్ర సంగతి నాకు గుర్తుంది.

"యాప్ చెప్పిందే నిజం. నా లెక్క తప్పు. నాలుగు రోజులు తప్పు. లే, వెళ్ళి మాత్ర తెచ్చుకో."

అది చేతిలో రొయ్య కింద పెట్టింది. "అంటే అమ్మ…"

"ఆ నాలుగు రోజులే."

అరుగు మీది అబ్బాయి గుమ్మంలోకి వచ్చాడు. "నిన్ననే కొందామన్నానండి అమ్మమ్మగారూ. అమ్మమ్మని అడిగాకే అందండి." అడక్కుండానే బండి తాళం చేతిలో ఉంది. ఆ తాళం చూస్తే నాకు కడుపు మండింది.

"మన ఊరి షాపులో వద్దు బాబూ, ఆయన గుళ్ళో కానుకలు పడతారు" అన్నాను.

"ఆయ్, వచ్చే ఆదివారం ప్రార్థన విన్నపాల్లో మా పేర్లు చదివేస్తారండి. నరసాపురం వెళ్ళొస్తాం."

ఒంటిగంట పదికి నా ఎదురుగానే మాత్ర మింగింది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలంది షాపులో అమ్మాయి. అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్ర పనిచేయకపోవచ్చనీ చెప్పిందట. సోమవారం ఇద్దరూ రాజమహేంద్రవరంలో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే మాత్ర కంటే గట్టి రక్షణ అనీ, తర్వాత కూడా అదే కొన్నేళ్ళు పనిచేస్తుందనీ నర్సు చెప్పింది. రోజూ వేసుకునే మాత్రలు, మూడు నెలలకోసారి ఇంజక్షను, నిరోధ్ అన్నీ చూపించింది. అబ్బాయి పక్కనే కూర్చుని ప్రశ్నలు అడిగాడట. ఆ మాట ఫోన్లో విన్నాక నేను మాట మార్చేశాను. మనవరాలు ఆలోచించుకుని, ఈ నెల గండం దాటాక కాపర్-టీ వేయించుకుంటానంది.

దాని నెల ఇరవై ఎనిమిది రోజులు. ఇరవై తొమ్మిదిన రావాలి. రాలేదు. ఆ రోజు ఫోను పక్కన పెట్టుకునే అన్నం తిన్నాను. ముప్పైన ఉదయం మెసేజ్ వచ్చింది, "వచ్చింది అమ్మమ్మా" అని. క్యాలెండరులో ముప్పై మీదే చుక్క పెట్టాను. స్నానం కోసం ఆగలేదు. తర్వాత కూతురికి ఫోన్ చేశాను. ఆ నాలుగు రోజుల సంగతి చెప్పాను. "పోనీలే అమ్మా, దానికి చెప్పావుగా" అంది.

ఈ వారం మనవరాలికి టీచింగ్ ప్రాక్టీసు మొదలైంది. ఫొటో పంపింది. నల్లబల్ల ముందు నిలబడి ఉంది, చేతిలో సుద్దముక్క, వెనకాల దాని చేతిరాత. చాలాసేపు చూశాను. చీర కుచ్చిళ్ళు ఒక పక్కకి జారాయి. సరిచేసుకోమని జవాబు పెట్టాను.