ఎవరూ ఊదని గాజు

దయ్యాలంటే చిన్నప్పటి నుంచీ నాకు నవ్వే. పైగా నా ఉద్యోగం గాజు లెన్సుల్లో లోపాలు వెతకడం. కంటికి ఆనని దాన్ని ఒప్పుకునే రకాన్ని కాదు.

ఈ పరాయి దేశంలో, హెండర్సన్ అనే చోట మా ఫ్యాక్టరీ. చిన్నది. గాజును వేడిచేసి, అచ్చులో నొక్కి, బియ్యపు గింజంత లెన్సులు చేస్తాం. డాక్టర్లు గొంతులోకి దించి చూసే కెమెరాల్లో అవి వాడతారు. చదువైపోయి నేను చేరినప్పుడు పని నేర్పింది పద్మ ఆంటీ. భీమవరం మనిషి. తన అన్నం డబ్బాలో నా వాటా కూడా తెచ్చేవారు.

పరీక్ష గదిలో మాస్క్ తీయకూడదు, లెన్సుకు ఊపిరి తగలకూడదు. అందుకని ఆంటీ పారేసే లెన్సులను బయటికి తెచ్చి, భోజనాల బల్ల దగ్గర కళ్ళజోడు తుడుచుకునేటప్పటిలా 'హా' అని ఊది చూపించేవారు. శుభ్రమైన గాజు మీద ఆవిరి ఇట్టే పోతుంది. గాజు అతుక్కోకుండా అచ్చుకు వేసే పూత లెన్సుకు అంటుకున్న చోట మాత్రం కాసేపు నిలుస్తుంది.

"కంగారేంటే పిల్లా! ఆవిరి పోయేదాకా చూడు. గాజే చెప్పుద్ది" అనేవారు.

కిందటి చలికాలం ఆంటీ గుండెపోటుతో పోయారు. ఆ ఖాళీ కుర్చీ చూడలేక కొన్నాళ్ళు గోడవైపు తిరిగి కూర్చున్నాను.

తర్వాత మొదటిసారి ఒక బ్యాచ్‌ను నేనొక్కదాన్నే పాస్ చేయాల్సి వచ్చింది. ఆంటీ ఉంటే బాగుండునని ఒకటే బెంగ. పట్టపగలు, గదిలో ఇంకెవరూ లేరు, నా మూతికి మాస్క్ ఉంది. అన్నీ బాగానే ఉన్నాయని సంతకం పెట్టబోతుంటే, మైక్రోస్కోప్ కింద ఉన్న లెన్సు మసకబారింది. మెల్లగా తేటపడింది, అంచున సన్నటి చారిక తప్ప.

సూపర్‌వైజర్ క్రెయిగ్‌ని పిలిచాను. అతను చూస్తుండగానే పక్క లెన్సుకూ అలాగే అయింది.

"ఎవరు ఊదారు దీని మీద?" అన్నాడు ఇంగ్లిష్‌లో, నా మాస్క్ వంక చూస్తూ.

బ్యాచ్ ఆపేశాం. అచ్చు విప్పి చూస్తే అంచున పూత లేచిపోతోంది. గదిలో వేడి, తేమ ఎప్పటిలాగే ఉన్నాయి. లెన్సుల ట్రే ముందురోజు నుంచీ ఆ గదిలోనే ఉంది, చల్లటి చోటు నుంచి తెచ్చింది కాదు. క్రెయిగ్ నేరం ఏసీ మీదకు తోసేశాడు గానీ, దాన్ని చూసిన మెకానిక్ ఏ లోపమూ లేదన్నాడు.

ఆదివారం ఆంటీ వాళ్ళిల్లున్న మౌంట్ రాస్కిల్ వెళ్ళి ఆంటీ కూతురు స్వాతికి చెప్పాను. ఇక్కడే పుట్టిన పిల్ల, ఎప్పుడూ ఇంగ్లిషే మాట్లాడుతుంది. వింటే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మాత్రం తల దించుకుని, తెలుగులో అడిగింది.

"అమ్మ ఇంటికి ఎందుకు రాలేదు, అక్కా?"

ఆ ఆవిరి ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.