చివరి మిషనుకు వడ్డన

కడపలో ఇంజనీరింగు చదివే మా మనవరాలు సెలవులకు వచ్చి, పోతూ పోతూ తన పాత ల్యాప్‌టాప్‌ను మా ఇంట్లో వదిలేసింది. దానితోపాటు వాళ్ల తాతకు ఒక ఆట కూడా అంటించిపోయింది. తెర మీద ఫ్యాక్టరీ కట్టాలి. గనిలోంచి ఇనుము వచ్చి బెల్టు మీద పోతూ ఉంటుంది. బెల్టు పక్కన వరసగా ఉన్న మిషన్లు దాన్ని అందుకుని సామాన్లు చేస్తాయి. అవన్నీ చేరి గూడ్సు బండి నిండితే అది కూత పెట్టి కదులుతుంది. ఆ కూత కోసం ఈయన రోజూ కాఫీ చల్లారబెట్టుకుంటాడు. మళ్లీ వేడి చేయడానికి గ్యాసు ఊరికే వస్తుందా?

మా ఆయన డోన్ స్టేషన్లో పార్సిళ్ల పని చేసి రిటైరైన మనిషి. బతుకంతా ఊరి వాళ్ల మూటలు బండెక్కించాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని లేని మూటలు లేని బండికి ఎక్కిస్తున్నాడు, అదీ జీతం లేకుండా.

శుక్రవారం పొద్దున మనవరాలు ఫోన్ చేసింది. తన కొత్త ల్యాప్‌టాప్ చెడిపోయిందట, రేపు వచ్చి పాతది తీసుకుపోతుందట. ఆయన మొహం మాడిపోయింది. అప్పటికి ఒక్క బండి కూడా పంపలేదు మరి.

"యాడ చిక్కుకున్యాది?" అని అడిగాను.

"చక్రాలు చేసే మిషను నడవల్యా. అది కొసన ఉండాది. దానికి ఇనుము అందల్యా."

తొంగి చూశాను. మొదట ఉన్న మిషన్లు వచ్చిందంతా మింగుతున్నాయి. వాటి ముందర ఇనుము కుప్ప పడింది. కొస మిషను మాత్రం ఖాళీ బెల్టు చూస్తూ నిలబడింది.

"ముందుండేటియి ముందు తీసుకుంటాయి. వరసంటే వరసే" అన్నాడు, పార్సిల్ కిటికీ దగ్గర కూర్చున్నట్టే.

"ఏమయ్యా, పెండ్లి పంక్తిలో మొదటి ఆకులోనే గంపంతా బోర్లిస్తే కొస ఆకు ముందరోనికి ఏం పెడతావు? నీ మొహమా?"

అందరికీ కొంచెం కొంచెమే అందేట్టు ఇనుము తగ్గించమన్నాను. తగ్గించాడు. కాసేపటికి ఇనుము చాలక మిషన్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి.

"నీ చెయ్యి పడితే ఫ్యాక్టరీకి కూడా పస్తేనే" అని నవ్వాడు.

నాకు పౌరుషం వచ్చింది. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. "పెద్ద పంక్తికి ఇద్దరం వడ్డిస్తాం. ఒకరు ఈ కొస నుంచి, ఒకరు ఆ కొస నుంచి. నీ ఆటలో అట్లాంటిది ల్యాదా?"

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఉండాది. బెల్టును రెండుగా చీల్చేది ఉండాది. ఎందుకులే అని నేనే పెట్టల్యా."

గని దగ్గరే బెల్టును చీల్చి, రెండో పాయను చుట్టూ తిప్పి కొస మిషను ముందుకు తెచ్చాడు. ఇనుము సగం ఇటు, సగం అటు పోయింది. చక్రాల మిషను ఒకసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టింది. అయితే బండి నిండడానికి టైము పట్టింది. మర్నాడు మనవరాలి ఆటో వాకిట్లో ఆగేసరికి ఇంకా కొంచెం ఖాళీ ఉంది.

"తాతా, ల్యాప్‌టాప్ ఇయ్యి. రెండు గంటల బస్సుకు పోవాల" అంటూ వచ్చింది.

ఆయన నా వైపు చూశాడు. నాకు పిల్ల వైపు తిరగక తప్పలేదు.

"ముందు కూడు తిను. కూర్చో."

ఆకు వేసి సంగటి పెట్టి, పక్కన చెనిక్కాయ గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి వేశాను. నెయ్యి ఒక గరిటె పోశాను. తలుపు సందులోంచి చూస్తే ఆయన ఇంకా తెరకు అతుక్కునే ఉన్నాడు. ఇంకో గరిటె పోశాను.

"అవ్వా, ఏమైంది నీకు? నెయ్యి ఇట్ల పోస్తాండావు!"

"చిక్కిపోయినావు, తిను."

"మొన్న ఫోన్లో లావైనావని తిడితివి కదా!"

"అది మొన్న."

లేవబోయింది. ఆకులో ఇంకో ముద్ద వేసి, గుంట చేసి, దాని నిండా నెయ్యి పోశాను. పిల్ల అనుమానంగా నా మొహంలోకి చూసింది.

లోపల బండి కూసింది.

"పోయిందే! బండి పోయిందే!" అని ఆయన ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు.

నేను నేతిగిన్నెకు మూత పెట్టాను.

"చాల్లే, చెయ్యి కడుక్కో. బస్సు పోతాది."