రిక్షా దిగిన ఏడాది

గంజి పెట్టి ఆరేసిన నూలు చీర మడత విప్పుతుంటే ఒక చప్పుడు వస్తుంది. ఎండిన అప్పడం విరిచినట్టుంటుంది. ఈ పొద్దున తెల్లచీర విప్పితే ఆ చప్పుడూ ఆ గంజి వాసనా కలిసి నన్ను ఎక్కడికో లాక్కెళ్ళాయి. ఇవాళ మట్టల ఆదివారం. ఏసుప్రభువు యెరూషలేములో అడుగుపెట్టిన రోజని మేం క్రైస్తవులం ఈత మట్టలు పట్టుకుని, పాడుతూ వీధుల్లో ఊరేగే రోజు. నేను కుచ్చిళ్ళు పోసుకుంటూ ఉంటే మా కోడలు తలుపు దగ్గర నిలబడి, "అత్తయ్యా, కొత్త మిషను తెచ్చాం కదా, బరువు చూసుకున్నారా?" అంది. గాజుపలకలా ఉండే ఆ మిషను మంచం కింద దుమ్ము కొట్టుకుని ఉంది. "నా కాంటా నాకుందమ్మా, ఆరు గజాలది" అన్నాను. పిల్ల తెల్లబోయింది. తెల్లబోక ఏం చేస్తుంది, అది ఎస్తేరక్కను చూడలేదుగా. మీరూ చూడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మేము నాచారంలో ఉండేవాళ్ళం. మావారికి ఉప్పల్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉద్యోగం. మాది తెనాలి వైపు. మూడు పూటలా అన్నం తినడం, తిన్నాక కాసేపు నడుం వాల్చడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యలు. పిల్లాడు పుట్టాక ఒళ్ళు వచ్చింది, వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. ఎస్తేరక్క మా వెనక వీధిలో ఉండేది. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి, పారిశ్రామికవాడలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంటవాళ్ళ మీద పెద్దగా పనిచేసేది. మా చర్చిలో పాటల బృందాన్ని నడిపేది కూడా ఆమే. యాభై దాటిన మనిషి. సన్నగా ఉండేదనుకునేరు, అస్సలు కాదు. నిండైన మనిషి, వెడల్పాటి భుజాలు. కానీ నడక చూడాలి. ఆమె వస్తుంటే రోడ్డు మధ్య పడుకున్న బర్రెలు కూడా లేచి దారిచ్చేవి. గొంతు పెద్దగా ఉండేది కాదు. అందుకే చరణం ఎత్తుకునే పని నాకు అప్పజెప్పింది.

ఆ ఏడాది ఊరేగింపు నాచారంలో చర్చి దగ్గర మొదలై ఉప్పల్ చౌరస్తా దగ్గరి మైదానం దాకా. అన్నిటికంటే ముందు ఒక రిక్షా. దానికి మైకు సెట్టు కట్టారు. నడవలేని ముసలమ్మలను అందులో కూర్చోబెట్టారు. నేను రిక్షా వెనకే నడుస్తూ, మైకు చేతిలో పట్టుకుని పాడుతున్నాను. ఫ్యాక్టరీల రోడ్డు మీద ఎత్తు మొదలైంది. రెండో చరణం సగంలో నాకు ఊపిరి అందలేదు. పాట ఆగిపోయింది. వెనక మట్టలు ఊపుతున్న జనమంతా కూడా ఆగిపోయారు. సంఘపెద్ద దానియేలు గారు పరుగున వచ్చి, ఎంతో దయగా, "సిస్టర్, మీరు రిక్షాల కూసోండ్రి" అన్నారు. తిట్టినా బాగుండేది. ముప్పై రెండేళ్ళ మనిషిని, ముసలమ్మల పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. రిక్షా అతను సీటు దిగి, హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగి లాగడం మొదలుపెట్టాడు. అతని వీపు మీద చెమట చూస్తుంటే నాకు చచ్చిపోవాలనిపించింది. పక్కనున్న మరియమ్మవ్వ నా పొట్ట మీద చెయ్యి వేసి, ప్రేమగా, "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇక పాటల బృందంలోకి వెళ్ళనని మావారితో చెప్పేశాను. మర్నాడు తెల్లారకముందే తలుపు చప్పుడైంది.

"దర్వాజ తియ్యి నిర్మలా."

"నేను రానక్కా. పాటలకు వేరేవాళ్ళను చూసుకోండి."

"పాటలకు ఎవరు రమ్మన్నరు? నడుద్దాం రమ్మంటున్న. చెప్పులేస్కో."

"సన్నబడటానికా?"

ఎస్తేరక్క తన నడుం వైపు ఒకసారి చూసుకుంది. "నేను సన్నగున్ననా? నాకు గా ఇద్దె తెల్వది. వచ్చే మట్టల ఆదివారం చరణం ఎత్తేటోళ్ళు నాకు గావాలె. రిక్షాలకెల్లి గాదు, రోడ్డు మీద నడుసుకుంట ఎత్తేటోళ్ళు. జల్ది రా, నాకు డ్యూటీ ఉన్నది."

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. చెప్పులేసుకున్నాను. ఆమె పద్ధతి విచిత్రంగా ఉండేది. నడుస్తూ పాడాలి. గట్టిగా అక్కర్లేదు, కానీ చరణం మధ్యలో ఊపిరి తెగకూడదు. తెగిన చోట ఆగి, వెనక్కి తిరగాలి. మొదటి రోజు మా వీధి చివర ఇరానీ హోటల్ కూడా దాటలేదు. "ఇయ్యాలకు గింతే" అని ఆమె మామూలుగా వెనక్కి తిరిగింది. నేను తల దించుకుని ఆమె వెనకే నడిచాను. కొన్ని వారాలకు పాట పిండిగిర్ని దాకా సాగింది. గిర్ని తెరుస్తున్న అతన్ని ఆపి, "అన్నా, మా చెల్లె ఇయ్యాల నీ గిర్ని దాంక ఊపిరి తెగకుండ పాడింది" అని చెప్పింది ఎస్తేరక్క. పాపం అతనికేం అర్థమవుతుంది. "మంచిది అమ్మా" అన్నాడు. నాకు మాత్రం ఎవరో దండ వేసినట్టనిపించింది. తిండి సంగతిలోనూ అంతే, ఏదీ మానెయ్యమనలేదు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె చెయ్యడం నేర్పింది. నేను తట్టిన మొదటి రొట్టె మూడు ముక్కలై పెనం మీద పడితే, "మూడు దేశాలు జేసినవ్" అని నవ్వి, ఆ ముక్కలే తీసుకుని తినేసింది.

ఇదంతా బాగానే ఉంది కానీ నా బుద్ధి మాత్రం అంకె మీదే ఉండేది. సికింద్రాబాద్ స్టేషన్లో బరువు చూసే పెద్ద మిషన్ ఉండేది. రంగు బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటే, బిళ్ళ వెయ్యగానే లోపల ఏదో గిరగిరా తిరిగి ఒక అట్టముక్క బయటకి పడేది. ఒక వైపు బరువు, వెనకవైపు జాతకం. వానాకాలమంతా నడిచాక, ఎంతో ఆశగా, బస్సెక్కి వెళ్ళి మరీ ఆ మిషన్ ఎక్కాను. మునుపు తూగినదానికీ ఇప్పటికీ తేడా ఏమీ లేదు, ఏదో నామమాత్రం. వానల్లో తడిసి, బురద తొక్కి, అన్నానికి మొహం వాచి సాధించింది ఇదా అని ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున ఆ అట్టముక్క ఎస్తేరక్క చేతిలో పెట్టి, "నా వల్ల కాదక్కా, ఇంక వదిలేయండి" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె ఆ కార్డు వెనక్కి తిప్పి చూసింది. "జాతకం ఏం రాసిందే గిది?"

"దూర ప్రయాణం చేస్తాననీ, రాజయోగమనీ."

"నమ్మినవా?"

"నమ్మడానికేముంది, మిషన్ ఏదో ఒకటి ఇస్తుంది కదా."

"మరి రెండూ ఒక్క పెట్టెలకెల్లే వచ్చినయ్ గద. ఎనక రాసింది నమ్మవు, ముంగట రాసింది నమ్మి ఏడుస్తున్నవ్." ఆమె కార్డు నా చేతికి తిరిగిచ్చేసి, నా చీర వైపు చూసింది. "జర నిలబడు. నీ కొంగు ఏంది, గింత దిగింది?"

చూసుకున్నాను. మునుపు నడుం దగ్గరే ఆగిపోయే కొంగు మోకాలి దాకా వచ్చింది. కుచ్చిళ్ళు కూడా ఒకటి ఎక్కువే పోస్తున్నాను, ఎప్పటి నుంచో గాని గమనించలేదు. చీర అదే, గజాలు అవే. చుట్టు తగ్గితేనే బట్ట మిగులుతుంది. ఇంత చిన్న విషయం రోజూ నా చేతుల మీదుగా పోతున్నా నాకు కనబడలేదు. ఎస్తేరక్క నా కొంగు పట్టుకుని, రోడ్డు మీదే, "ఇగో, గిది నీ తూకం" అంది. ఆ పూట నడక మానలేదు. స్టేషన్ ప్రయాణం మాత్రం మానేశాను.

ఇంకో సంగతి. మా చర్చి ప్రేమవిందుల్లో అందరూ చాపల మీద బంతిగా కూర్చుని తినేవారు. నాకు మాత్రం కుర్చీ వెయ్యాలి. కింద కూర్చుంటే ఇద్దరు లేపాలి. ఆ చలికాలం చివర్లో ఎస్తేరక్క ఇంట్లో జొన్నరొట్టెలు తిని మాటల్లో పడి, ఏమరుపాటున నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేచి నిలబడ్డాను. మంచినీళ్ళు తాగి తిరిగి చూస్తే ఆమె నా వైపే చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు. ఏమైందక్కా అంటే, "ఏం లేదు, పైవారం మీ ఇంట్ల కృతజ్ఞత కూడిక పెడుతున్న" అంది. మాలో మేలు జరిగితే పాస్టరు గారిని, సంఘాన్ని ఇంటికి పిలిచి ప్రార్థన పెట్టించుకుంటాం. ఉద్యోగమొస్తే, ఇల్లు కడితే, పిల్లలు పరీక్ష పాసైతే. ఎందుకో చెప్పకుండా ఎస్తేరక్క అందరినీ పిలిచేసింది.

ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తేల్చేసుకున్నారు. మరియమ్మవ్వ ఒక కాగితప్పొట్లం నా చేతిలో పెట్టి, "పుల్లటివి తినబుద్దయితది బిడ్డా" అంది. విప్పితే మామిడి పిందెలు. కళాసీ పనిచేసే జోసఫ్ గారి భార్య మావారికి శుభాకాంక్షలు కూడా చెప్పేసింది. ఆయన నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. నేల బీటలు వారితే బాగుండుననుకున్నాను. పాస్టరు గారు బైబిలు తెరిచి, "ఏ మేలును బట్టి కృతజ్ఞత చెల్లిస్తున్నామమ్మా?" అని అడిగారు.

ఎస్తేరక్క లేచి నిలబడింది. "మా నిర్మల కింద కూసొని, ఎవ్వర్ని పట్టుకోకుంట లేసింది అయ్యగారూ."

ఎవరో నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు మరియమ్మవ్వ, గోడకి ఆనుకుని కూర్చున్న చోటు నుంచే, "నిజంగనా? ఏదీ, లే సూద్దాం" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. లేచాను. చెయ్యి ఆనించలేదు. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. అవ్వ తన మోకాళ్ళు తడుముకుంటూ, "నా అసుంటిదానికి గది చిన్న మేలు గాదు అయ్యగారూ, ప్రార్థన జెయ్యిండ్రి" అంది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, ఇల్లు కట్టుకున్నవాళ్ళకి చేసినంత పొడుగు ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక అందరం మామిడి పిందెలు ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. మర్నాటి నుంచి మా నడకకి జోసఫ్ గారి భార్య తోడైంది, తర్వాత ఇంకొందరు. నాచారం రోడ్డు మీద పొద్దున్నే పాడుకుంటూ పోయే ఆడవాళ్ళ గుంపును చూసి బస్సుల్లో జనం ఏదో పండగనుకునేవారు.

మళ్ళీ మట్టల ఆదివారం వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. ఆ ఎత్తు మీద మళ్ళీ ఆగిపోతే ఇంక జన్మలో నోరు తెరవనని నాకు తెలుసు. అదే రిక్షా, అదే మైకు, అదే ఎండ. లోపల మరియమ్మవ్వ, ఇంకో ముసలమ్మ. దానియేలు గారు నన్ను చూసి, రిక్షాలో కొంచెం చోటు ఉంచమని వాళ్ళకి సైగ చేశారు. పాపం మంచికే. ఎస్తేరక్క అది చూసి, రెండు మట్టల మోపులు తెచ్చి సరిగ్గా ఆ చోటులోనే పెట్టింది.

ఎత్తు మొదలైన చోటే మైకు బ్యాటరీ చచ్చిపోయింది. వెనక ఎండకి గొంతులన్నీ ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. నేను మైకు వదిలేసి ఉత్త గొంతుతో రెండో చరణం ఎత్తుకున్నాను. పోయిన ఏడాది తెగిన మాట దగ్గరికి వచ్చింది. దాటింది. ఇంకో మాట, ఇంకో పాదం. ఊపిరి ఉంది, ఇంకా మిగిలి ఉంది. ముందు రిక్షా ఆగిపోయింది. అతను సీటు దిగి లాగుతున్నా చక్రం కదలట్లేదు. ఏం ఆలోచించానో తెలియదు, కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులూ రిక్షా వెనక పెట్టి తోశాను. పాట ఆపలేదు. రిక్షా కదిలింది. మరియమ్మవ్వ వెనక్కి తిరిగి, నా మొహం చూసి, బోసినోటితో నాతో పాటే పాడడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేసరికి వెనక జనమంతా అందుకున్నారు. ఉప్పల్ చౌరస్తాలో ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన బస్సు ఆపేసి మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది, అయినా సరే పాడుతూనే ఉన్నాను.

మైదానంలో కూర్చున్నాక ఎస్తేరక్క నా పక్కకి వచ్చింది. మెచ్చుకుంటుందని చూశాను. "స్టేషన్ల తూకం జూస్కుందామా?" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నిజానికి ఆ తర్వాత ఎంత తూగానో నాకు తెలియదు. సన్నటి మనిషిని ఎన్నడూ కాలేదు.

కొన్నేళ్ళకు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నేను రోజూ వెళ్ళి ఆ వేళ్ళను నా వేళ్ళతో పట్టుకుని గ్లాసు చుట్టూ పెట్టేదాన్ని. ఒక సాయంత్రం ఆమె ఆ చేత్తోనే గ్లాసు ఎత్తి, రెండు గుటకలు తాగింది. సగం నీళ్ళు చీర మీద పడ్డాయి. ఆమె విసుగ్గా, "ఏం తాగిన, అంత ఒలకబోసుకున్న" అంది. నేను బయటికొచ్చి, వీధి వీధంతా పిలిచాను. ఆదివారం సాయంత్రం ఆమె ఇంటి నిండా జనం. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు ఏ మేలును బట్టి అని అడిగితే, నేను లేచి నిలబడి, "మా ఎస్తేరక్క తన చేత్తో గ్లాసెత్తి నీళ్ళు తాగింది అయ్యగారూ" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం నవ్వింది, వంకరబోయిన మూతితోనే, కళ్ళ నిండా.

ఇవాళ కుచ్చిళ్ళు నిరుడు ఎన్ని వచ్చాయో అన్నే వచ్చాయి. ఈ వయసులో అది చిన్న మేలు కాదు. కొంగు నడుముకి చుట్టుకుని మెట్లు దిగాను. "రిక్షాలు లేవు కదా అత్తయ్యా, ఆటో మాట్లాడనా?" అని పైనుంచి కోడలు కేకేసింది. వద్దన్నాను. చెప్పులేసుకుని, గేటు తీస్తూనే పాట ఎత్తుకున్నాను.