చుక్క కోసం మిద్దెలెక్కిన ఊరు

మనవాడొకడు మొట్టమొదటిసారి రష్యావాళ్ళ రాకెట్టెక్కి అంతరిక్ష కేంద్రానికి చేరుకున్న ఆ వేసవిలో, ఒక సాయంత్రం, జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో రెండు వీధుల మగవాళ్ళు ఎదురెదురు మిద్దెలెక్కి నిలబడ్డారు. పైవీధి వాళ్ళు ఎక్కింది ఆకాశంలో ఆ కేంద్రం పోతుంటే చూడటానికి. కిందివీధి వాళ్ళు ఎక్కింది పైవీధి వాళ్ళను చూడటానికి. కిందివీధి వాళ్ళ చేతుల్లో రాళ్ళున్నాయి. నడిమి బజారులో సైకిలు పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడ్డవాణ్ణి నేను. ఆకాశం సంగతి ఆ ఊళ్ళోకి మోసుకొచ్చినవాణ్ణీ నేనే.

ఆ రోజుల్లో మా వైపు మిద్దె ఎక్కడం చిన్న విషయం కాదు. మిరపకాయలు ఆరబెట్టడానికి ఆడవాళ్ళు ఎక్కితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పొద్దు గూకే వేళ నలుగురు మగవాళ్ళు కలిసి ఎక్కారంటే మాత్రం రాళ్ళు పడబోతున్నాయని ఎదుటి వీధివాళ్ళు తినే అన్నం ముందు నుంచి లేచేవాళ్ళు. పార్టీల ఊరు కదా, వీధికొక ముఠా, ప్రతిదీ రెండే: రెండు రచ్చబండలు, ఇద్దరు మంగళ్ళు, రెండు టీ అంగళ్ళు. (బస్సు ఒక్కటే. అది రెండు చోట్ల ఆగేది.) ప్రొద్దుటూరులో నేను కొత్తగా విలేకరిగా చేరినప్పుడు మా ఆఫీసు పెద్దాయన, వార్త ఎలా రాయాలో చెప్పకముందే, టీ ఎలా తాగాలో చెప్పాడు. "ఒక అంగట్లో తాగితే రెండో అంగట్లోనూ తాగాల. ఈడ సగం వదిల్తే ఆడా సగం వదలాల. నువ్వు రాసింది ఎవురూ చదవరబ్బీ. నువ్వు యాడ టీ తాగినావో ఊరంతా చదువుతాది." అలాంటి ఊళ్ళకు పోయినప్పుడల్లా ఈ నియమాన్ని నేను జపంలా పాటించాను. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు గానీ ప్రాణానికి హాయిగా ఉండేది.

అప్పటికి నన్ను జమ్మలమడుగుకు వేశారు. ఆ ఉదయం పత్రిక డెస్కు నుంచి అక్కడికి ఫోను వచ్చింది. పొద్దు గూకినాక కాసేపటికి ఆ కేంద్రం మన జిల్లా మీదుగా కదిలే చుక్కలా పోవచ్చునట, పల్లెజనం ఏమనుకుంటారో రాసి పంపమన్నారు. నేను సైకిలేసుకుని ఆ ఊరికి పోయి, ముందు పైవీధి అంగట్లో కూర్చుని సంగతి చెప్పాను. అక్కడి ప్రశ్నలు నేను అనుకున్న దారిలో పోలేదు.

"అంత పైకి పోయినాడే, యెంట మనుషులు ఎంతమంది?" అని ఒకాయన అడిగాడు.

"ఇద్దరు మామా. ఇద్దరూ రష్యావాళ్ళే."

"ఇద్దరేనా? మన వీధి పెద్దాయన పులివెందులకు పెండ్లికి పోవాలంటేనే రెండు జీపులు కావాల."

"ఆడ ముందే ఇంకొందరు ఉండారంట. ఈళ్ళు పోతే వాళ్ళు తలుపు తీసి లోపలికి పిల్చుకున్నారు, కావలించుకున్నారు."

"కత్తులుండాయేమో ఒళ్ళు యెతకకుండానే?"

"యెతకకుండానే మామా."

అంగడి మొత్తం టీ గ్లాసులు కింద పెట్టి నా వైపు తిరిగింది. రాకెట్టు ఎంత వేగంగా పోతుందో చెప్పినప్పుడు కూడా వాళ్ళు అంత ఆశ్చర్యపోలేదు.

తరువాత నియమం ప్రకారం కిందివీధి అంగడికి పోయాను. మూసి ఉంది. అంగడాయన ఎర్రగుంట్లలో ఏదో పెండ్లికి పోయాడట. రెండో టీ తప్పినందుకు నా కడుపు సంతోషించింది. జమ్మలమడుగుకు తిరిగి వచ్చేశాను. సాయంత్రం జనం చుక్కను చూసే ముచ్చట రాసుకుందామని మళ్ళీ పోయేసరికి, మొదట చెప్పినట్టు రెండు వీధులవాళ్ళూ మిద్దెల మీద నిలబడి ఉన్నారు.

కిందివీధి పెద్ద, మేమందరం మీసాలాయన అని పిలిచే మనిషి, పిట్టగోడ నుంచి పీకిన రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద నుంచి అరిచాను. "కొట్లాటకు గాదు మామా. ఆకాశంలో మనోడు పోతాండాడు, వాళ్ళు చూడను ఎక్కినారు."

"మనోడంటే ఎవురి మనోడప్పా?"

"అందరి మనోడు మామా."

"అట్లాంటోడు మా ఊర్లో ఇంతవరకూ పుట్టలేదే. పొద్దున ఆళ్ళ అంగట్లో చెప్పినోనివి, మాకెందుకు చెప్పలేదు?"

"మీ అంగడి మూసినారు మామా."

ఆయన వెనక నుంచి ఎవరో మెల్లగా "మూసింది నిజమేన్నా" అన్నారు. మీసాలాయన ఆ సాక్ష్యాన్ని కాసేపు తూచి, "అయితే ఆళ్ళను దిగమను. ఆళ్ళు దిగితే మేమూ దిగుతాం" అన్నాడు.

పైవీధి మిద్దె మీది నుంచి ఆ వీధి పెద్దాయన జవాబు వచ్చింది. "మేం ముందెక్కినాం. ముందెక్కినోళ్ళం ముందెందుకు దిగుతాం?"

"దిగొద్దండి, ఒక్కసారి తల ఎత్తి పైకి చూడండి. ఇదే టైము" అని ఇద్దరినీ బతిమాలాను.

"మేం పైకి చూచ్చే ఆళ్ళను ఎవురు చూచ్చారు?" అన్నాడు మీసాలాయన. అవతలి మిద్దె మీద కూడా తలలు ఊగాయి. చాలా కాలానికి ఆ రెండు వీధులూ ఒక మాట మీదికి వచ్చాయి. ఒక్క రాయి జారినా చాలు, తెల్లారేసరికి నేను పంపవలసిన వార్త వేరేది అవుతుందని నాకు తెలుసు.

అప్పుడు పైవీధి మిద్దె మీది నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. పెద్దాయన తల్లిని, చుక్కను చూపిద్దామని, మంచంతో సహా పైకి మోసి పడుకోబెట్టారు. అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. పుట్టిల్లు కిందివీధి. మీసాలాయన ఆమె తమ్ముడి కొడుకు. పార్టీలు పుట్టాక ఆయన అత్త ఇంటి గడప తొక్కలేదు.

"ఒరే అబ్బోడా, ఇందాకటి నుంచి వింటాండా, గోడ పీకుతాండావేందిరా?"

మీసాలాయన చేతిలోని రాయిని వీపు వెనక దాచుకున్నాడు. "రాయి కోసం అత్తా."

"అది మా నాయన కట్టించిన మిద్దె. నేను సున్నం కలిపిచ్చినా. యాడ తీసినావో ఆడ పెట్టు."

ఆయన వంగి, రాయిని గోడ సందులో సరిగ్గా కూర్చునేదాకా తిప్పి తిప్పి పెట్టాడు. తక్కినవాళ్ళూ పెట్టారు. కొట్లాటకు ఎవరూ ముసలమ్మను మంచమేసి పడుకోబెట్టరని వాళ్ళకు అప్పుడే తట్టినట్టుంది. ఎవరు ముందు దిగారో నేను చూడలేదు. చూసినా చెప్పేవాణ్ణి కాదు.

"ఇంతకూ పోయిందా అది?" అని అవ్వ అడిగింది. అంతసేపూ ఆకాశం వైపు ఉన్న ముఖం ఆమెదొక్కటే. చివరికి ఆమే చెప్పింది. "ఏందో తెల్లగా పోయిందిలే, శానా నిమ్మళంగా."

గ్రామస్థులు మిద్దెలెక్కి ఆసక్తిగా తిలకించారని వార్త పంపాను. అచ్చయింది. అందులో అబద్ధమేమీ లేదు, ఏమి తిలకించారో రాయలేదంతే. ఆ రెండు వీధులూ దాని తరువాత కలిసిపోయాయని రాస్తే బాగుండేది. కలవలేదు. కాకపోతే అవ్వ పోయిన రోజున మీసాలాయన ఒళ్ళు వెతికించుకోకుండా పైవీధిలోకి పోయి, పాడెకు భుజమిచ్చాడు.

ఇప్పుడు అంతరిక్ష కేంద్రం ఎప్పుడు, ఏ దిక్కున పోతుందో ఫోనే చెబుతుంది. ప్రొద్దుటూరులో మా డాబా ఎక్కి చాలాసార్లు చూశాను. "మోకాళ్ళ నొప్పులని ఏడుచ్చావు, మెట్లు మాత్రం ఎక్కుతావు" అంటుంది నా భార్య. అంత వెలుగు తలమీదుగా పోతుంటే ఒక్కసారైనా ముఖం ఎత్తని ఆ సైకిలు కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలీ వస్తుంది, నవ్వూ వస్తుంది.

ఆ ఊరికి పోతే ఇప్పుడు రెండు వీధుల వాళ్ళూ దాన్ని చూశామంటారు, తమ వీధి మీదుగానే పోయిందంటారు. ఆ వేళకు పెన్న మీది నుంచి తెల్లకొంగలు కూడా గూళ్ళకు పోతుంటాయి. అవ్వకు కనిపించింది కొంగో, మనవాడెక్కిన చుక్కో ఇంతవరకూ తేలలేదు.