సగంలో ఆపిన సూది

నా చిన్నప్పుడు మా వీధిలో మనుషులు తమ ఇళ్లను తామే పగలగొట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. మాది డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్, కార్ల కంపెనీల మీద బతికే ఊరు. ఆ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. ఉద్యోగం పోతే ఇంటి లోన్ ఆగిపోయేది. లోన్ ఆగితే బ్యాంకు ఇంటిని వేలానికి పెట్టేది. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లలో కొందరు తాళాలు వంటింటి గట్టు మీద పెట్టి నిశ్శబ్దంగా వెళ్లిపోయేవాళ్లు. మరికొందరు బ్యాంకు మీద కోపమంతా గోడల మీద చూపించి మరీ వెళ్లేవాళ్లు.

మా ఎదురింటాయన కారు విడిభాగాల ఫ్యాక్టరీలో జుట్టు తెల్లబడేదాకా పనిచేసిన అమెరికన్. నా సైకిల్ చెయిన్ ఊడినప్పుడల్లా ఎక్కించి ఇచ్చేవాడు. చాలా నెమ్మదైన మనిషి. ఆయన ఒక ఆదివారం పట్టపగలు సమ్మెట పట్టుకుని తన ఇంట్లోకి వెళ్లాడు. మేము మా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. మొదట అద్దాలు పగిలి బయటికి రాలాయి. తర్వాత వాష్ బేసిన్ ముక్కలు పచ్చికలో వచ్చి పడ్డాయి. గోడల్లో గొట్టాలు ఎక్కడ పగిలాయో ఏమో, నీళ్లు గుమ్మం దాటి మెట్ల మీదుగా వీధిలోకి పారాయి. ఆయన భార్య కారులో కూర్చుని, ఒక్కసారి కూడా తల తిప్పకుండా ఎదురుగా చూస్తూ ఉంది.

పని అయ్యాక ఆయన వీధి దాటి మా నాన్న దగ్గరికి వచ్చాడు. కనుబొమల మీద సున్నం దుమ్ము. సమ్మెట నాన్న చేతిలో పెట్టి, "నీకూ దీని అవసరం పడుతుంది" అని ఇంగ్లీషులో అన్నాడు. నాన్న దాన్ని తీసుకుని గరాజ్‌లో గోడకి ఆనించాడు. ఎందుకు తీసుకున్నాడో నాకు అర్థం కాలేదు. మా నాన్నకి ఉద్యోగం పోయిందని అప్పటికి నాకు తెలియదు. ఎదురింటాయనకి తెలుసు. పార్కులో కారు ఆపుకుని ఒంటరిగా లంచ్ బాక్స్ తింటున్న నాన్నని ఆయన చూశాడట.

ఉద్యోగం పోయి నెలలు గడిచినా నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మ కట్టిన లంచ్ బాక్స్ పట్టుకుని కారెక్కేవాడు. సాయంత్రం ఆఫీసు వేళకే తిరిగి వచ్చేవాడు. నలుగురికి తెలిస్తే పరువు పోతుందని అమ్మా నాన్నా కలిసి ఆడిన నాటకం అది. ఆ ఏడు కూడా మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసి ఊళ్లో తెలుగువాళ్లందరినీ పిలిచాం. అమ్మ పట్టుచీర కట్టుకుని, వచ్చిన ఆంటీలను పెరట్లోకి తీసుకెళ్లి, వచ్చే వేసవికి ఎక్కడ ఏ మొక్క పెడుతుందో చూపించింది. వచ్చే వేసవికి ఆ పెరడు మాది కాకుండా పోవచ్చని ఆవిడకి తెలుసు.

ఉద్యోగం పోయినవాళ్ల ఇంటి లోన్ కొన్నాళ్లపాటు ప్రభుత్వమే కట్టే ఏర్పాటు ఒకటి ఆ రోజుల్లో మా రాష్ట్రంలో వచ్చింది. ఆ సంగతి మా గుడి నోటీసు బోర్డు మీద కూడా పెట్టారు. కానీ దాని ముందు ఎవరూ నిలబడేవాళ్లు కాదు. నిలబడితే వీడికీ ఉద్యోగం పోయిందని పక్కవాడు అనుకుంటాడు. అందుకని మగవాళ్లు పక్కనే ఉన్న పూజల టైమ్‌టేబుల్ చదువుతున్నట్టు నిలబడి, కంటిచివర నుంచి ఆ కాగితం చదివేవాళ్లు. మా నాన్న కూడా అలాగే చదివాడు. కానీ ఎవరో అంకుల్, ప్రభుత్వం సొమ్ము ముట్టుకుంటే రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో పట్టుకుంటారని చెప్పాడట. నాన్నకి ఆ మాట ఒక సాకుగా పనికొచ్చింది. అసలు కారణం ఆయన ఒకరిని అడగలేకపోవడమే అని ఇప్పుడనుకుంటాను.

అడగలేని మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో నాకు ఆ చలికాలం తెలిసింది. అన్నం పళ్లెం గోడకి తగిలేది. టీవీ రిమోట్ నా చెవి పక్కనుంచి దూసుకుపోయేది. నాన్న సంగతి నాకూ తెలిసిపోయాక స్కూల్లో టీచర్‌తో మా నాన్న రోజూ పార్కులో ఉంటాడని చెప్పానని ఆయనకి తెలిసినప్పుడు, నా చెంప మీద ఆయన వేళ్లు తేలాయి. అమ్మ ఆ నోటీసు మాట ఎత్తిన రోజు ఆవిడని ఫ్రిజ్‌కేసి నెట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ఎడమచేయి పైకెత్తి జడ వేసుకోలేకపోయింది. ఎవరైనా అడిగితే మంచులో జారి పడ్డానని చెప్పేది. అబద్ధం కూడా ఎంత అలవాటుగా చెప్పేదంటే, కొన్నాళ్లకి నేనూ నమ్మాను.

వాకిట్లో మంచు నల్లగా కరుగుతున్న ఒక శనివారం మధ్యాహ్నం పోస్టులో వేలం కబురు వచ్చింది. అమ్మ చదివి, ఇంక దాచడం తన వల్ల కాక, "ఇప్పటికైనా ఆ గుడిలో చెప్పినదానికి అప్లై చేద్దామండీ" అంది. నాన్న గరాజ్‌లోకి వెళ్లి సమ్మెటతో తిరిగి వచ్చాడు.

వంటింట్లో మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకి స్టవ్ పక్కనున్న రాతి గట్టు పగిలింది. రెండో దెబ్బకి పప్పుల అలమర తలుపు ఊడి నేల మీద పడింది. స్టీలు డబ్బాలు దొర్లాయి. కందిపప్పు, మినప్పప్పు, పోపుల డబ్బాలో ఆవాలు, అన్నీ నేలంతా పరుచుకున్నాయి. "బ్యాంకువాడికి ఇల్లే కదా కావాల్సింది. తీసుకోమను" అంటూ కొడుతూనే ఉన్నాడు. అమ్మ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది. ఆయన మోచేయి ఆవిడ ముఖానికి తగిలింది. పప్పు మీద కాలు జారి అమ్మ కిందపడింది. ఆయన వెనక్కి చూడలేదు. గాజు తలుపుల అలమర మీద సమ్మెట వేశాడు. అది గాజుని చీల్చుకుని లోపలికి పోయింది. ఆ ఊపులోనే వెనక్కి లాగాడు. చట్రంలో నిలిచిపోయిన గాజు పెంకు ఆయన కుడిచేతిని మణికట్టు పైనుంచి మోచేతి దాకా కోసేసింది.

తెల్లటి మినప్పప్పు మీద నెత్తురు ధారగా పడింది. అమ్మ లేచి ఫోన్ అందుకుంటే నాన్న ఎడమచేత్తో లాక్కుని గోడకేసి కొట్టాడు. "అంబులెన్స్ బిల్లు ఎవడు కడతాడు? ఇన్సూరెన్స్ ఉందా మనకి?" అని అరిచాడు. ఇంట్లో సంగతి గడప దాటకూడదని నాకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. నేను గడప దాటి పరిగెత్తాను.

మా వెనక వీధిలో డాక్టర్ ఆంటీ ఉండేది. గుంటూరులో చదివి, ఎప్పుడో ఇక్కడికి వచ్చి, సర్జన్‌గా చేసి రిటైరయిన మనిషి. నాకు అమ్మమ్మ వయసున్నా, మా నాన్నకీ ఆంటీయే, నాకూ ఆంటీయే. నేను రొప్పుతూ చెప్పిందంతా విని, "తెగింది చెయ్యా, మెడా?" అని అడిగింది. చెయ్యి అన్నాను. "అయితే నేను బూట్లు వేసుకోవచ్చు" అంది. నేను సాక్సులతోనే మంచులో పరిగెత్తి వచ్చానని అప్పుడు చూసి, తన ఉన్ని చెప్పులు నా ముందుకి తోసింది.

మా వంటింటి గుమ్మంలో ఆవిడ ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసింది.

"ఏమయ్యా, కిచెన్ రీమోడలింగా?"

నాన్న టవల్‌తో చెయ్యి బిగించి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆవిడ టవల్ విప్పి, వేళ్లు ఒక్కొక్కటీ కదపమంది. కదిలాయి. హాస్పిటల్‌కి వెళ్దామంటే రానన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. డైనింగ్ టేబుల్ మీద ఆయన చెయ్యి చాపించి, గాయం కడిగి, ఐస్ ముక్కలు రెండువైపులా పెట్టి, సంచిలోంచి సూది తీసింది. మత్తు మందు తన దగ్గర లేదని, అరవాలనిపిస్తే అరవమని చెప్పింది. నన్ను టార్చ్ పట్టుకోమంది. సూది చర్మంలో దిగినప్పుడల్లా నాన్న బల్ల కాలిని తన్నాడు. నేను కళ్లు మూసుకుంటే వెలుగు పక్కకి పోయేది, ఆంటీ మోచేత్తో నన్ను పొడిచేది.

కుడుతూనే ఆవిడ మామూలుగా కబుర్లు మొదలుపెట్టింది.

"గుడిలో పెట్టిన నోటీసు చూశావా? ఇంటి లోన్‌ది."

"మనకెందుకాంటీ అవన్నీ. సిటిజన్‌షిప్‌కి ప్రాబ్లం అవుతుందంటున్నారు."

"ఎవరు? లాయరా?"

"కాదు. అంటున్నారు. పార్కింగ్ లాట్‌లో."

"పార్కింగ్ లాట్‌లో." ఆవిడ దారం లాగి ముడివేసింది. "ఆ కాగితం అక్కడ అంటించింది నేనేనయ్యా. అడ్డేమీ లేదని కనుక్కునే అంటించాను."

"అయినా సరే. నేను ఒకళ్లని దేహీ అనను, ఆంటీ. ఎప్పుడూ అనలేదు."

ఆవిడ చెయ్యి ఆగింది. అప్పటికి గాయం సగం మూసుకుంది. మిగతా సగం ఇంకా నోరు తెరుచుకునే ఉంది. సూదిని పట్టిన చిన్న పటకారుని నాన్న ఎడమచేతిలో పెట్టి, "మంచిది. మిగతాది నువ్వే కుట్టేసుకో" అని లేచి, సింకు దగ్గర చేతులు కడుక్కుంది. సింకు పగలలేదు ఇంకా. తర్వాత అమ్మ పక్కన కూర్చుని ఆవిడ ముఖం తిప్పి చూసింది. జాకెట్ కొంచెం జరిపి భుజం చూసింది. ఏమీ అడగలేదు. అమ్మ ఈసారి మంచులో జారిపడ్డానని చెప్పలేదు.

మా నాన్న మొండివాడు. నిజంగానే కుట్టుకోబోయాడు. ఎడమచేత్తో సూది గుచ్చాడు, అది పక్కకి దిగి చర్మాన్ని చీల్చింది. మళ్లీ గుచ్చాడు. పటకారు వేళ్లలోంచి జారింది. నెత్తురు బల్ల అంచు నుంచి నా చెప్పుల మీద, అంటే ఆంటీ ఉన్ని చెప్పుల మీద, పడుతోంది. నాన్న పళ్లు బిగించి మూడోసారి గుచ్చబోయి, తల పక్కకి తిప్పి వాంతి చేసుకున్నాడు. తల పైకెత్తినప్పుడు టార్చ్ వెలుగు ఆయన ముఖం మీద పడింది. అంతవరకు మేము ఆయనని చూసి భయపడ్డాం. ఆయన మాకంటే ఎక్కువ భయపడి ఉన్నాడని నాకు అప్పుడు కనబడింది.

"ఆంటీ" అన్నాడు.

"ఏంటి?"

పటకారుని బల్ల మీద పెట్టి ఆవిడవైపు తోశాడు.

"కుట్టండి."

"నీ కూతురికి వినపడలేదు."

"నా వల్ల కావట్లేదాంటీ. సాయం చెయ్యండి."

ఆవిడ వెంటనే వచ్చి కూర్చుంది. "చూశావా, చచ్చిపోలేదు" అంది. మిగతా సగం కుట్టడానికి మొదటి సగంకంటే తక్కువ సేపు పట్టింది. చివరి ముడి వేశాక దారం తెంపకుండా, సూది పట్టుకునే ఇంకో మాట చెప్పింది. "నీ భార్య భుజం చూశాను, ముఖం చూశాను. ఇంకోసారి ఇలాంటిది చూస్తే సూదితో రాను, పోలీసులతో వస్తాను. అర్థమైందా?" నాన్న తలూపాడు. "నోటితో చెప్పు" అంది. చెప్పాడు. అప్పుడు దారం కత్తిరించింది.

సోమవారం ఆవిడే వచ్చి నాన్నని కారులో సాయం ఇచ్చే ఆఫీసుకి తీసుకెళ్లింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పొద్దున్నే లంచ్ బాక్స్ లేకుండా బయలుదేరిన నాన్నని నేను మొదటిసారి చూశాను. చాలా తిప్పారు, చాలా ప్రశ్నలు అడిగారు. వేలం దగ్గరపడ్డాక గానీ జవాబు రాలేదు. వచ్చింది. వేలం ఆగింది. మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ప్రభుత్వమే మా లోన్ కట్టింది. ఆ ఉద్యోగం మునుపటిదంత పెద్దది కాదు, కానీ మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. మా అమ్మ పెరట్లో వంగ మొక్కలు పెట్టింది.

పగిలిన వంటిల్లు మాత్రం చాలాకాలం అలాగే ఉంది. తలుపుల్లేని అలమరల్లో డబ్బాలు అందరికీ కనిపిస్తుండేవి. వచ్చినవాళ్లకి అమ్మ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పేది. చెప్పేటప్పుడు నాన్న అక్కడే కూర్చునేవాడు, లేచి వెళ్లేవాడు కాదు. కొన్నాళ్లకి ఒక్కొక్కరే అంకుల్స్ రావడం మొదలుపెట్టారు. ముందు తలుపు కొట్టకుండా గరాజ్ లోంచి వచ్చేవాళ్లు. "నాకు కాదనుకో. మా ఫ్రెండ్ ఒకడికి కావాలి. దానికి ఎలా అప్లై చెయ్యాలి?" అని అడిగేవాళ్లు. నాన్న నవ్వేవాడు కాదు. "మీ ఫ్రెండ్‌ని నాతో రమ్మనండి, నేను తీసుకెళ్తా" అనేవాడు.

ఆయన మంచివాడైపోయాడని రాయలేను. కోపం ఆయనతోనే ఉంది, పోయేదాకా ఉంది. కానీ మళ్లీ ఆ చెయ్యి మా మీద లేవలేదు. లేవబోయిన రోజుల్లో ఆ కుట్ల మచ్చ మీదికి చొక్కా చెయ్యి లాక్కుని పెరట్లోకి వెళ్లిపోయేవాడు. అమ్మ ఆయనని పూర్తిగా క్షమించిందో లేదో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నా బతుకులోనూ కష్టాలు వచ్చాయి. ఉద్యోగం పోయింది ఒకసారి. భర్త పోయాడు. ఒంట్లో బాగాలేక ఒక చలికాలమంతా మంచం మీద ఉన్నాను. పెద్దదాన్నయ్యాక తెలుగు రాయడం నేర్చుకోవాలని చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ప్రతిసారీ అదే మాట అడ్డం వచ్చింది. ఒకరిని అడగడమా, నేనా, అని. అలా అనిపించిన మరుక్షణం నాకు మా నాన్న ఎడమచెయ్యి గుర్తొస్తుంది, తన చర్మాన్నే చీల్చుకుంటున్న ఆ చెయ్యి. వెంటనే ఫోన్ తీసి ఎవరో ఒకరికి చేస్తాను. నాకు సాయం కావాలని చెబుతాను. ఇంకా నెత్తురు రాకముందే చెబుతాను.