సొంత బుర్ర వాడమనే ఉషారాణి మేడమ్

ఉషారాణి మేడమ్‌కి ఉన్న బెంగల్లా ఒకటే. మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లకి సొంతంగా రీసెర్చి చేసుకోవడం నేర్పే పని ఆమెకి అప్పజెప్పినారు, ఒక్కరూ ఒడ్డున పడరే! పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, వాళ్ళ కాగితాలని ఎర్రపెన్నుతో దున్నేస్తుంది. కాఫీ చల్లారిపోవాల్సిందే. "సొంత బుర్ర వాడండయ్యా!" అని మాత్రం రోజుకి పదిసార్లు అంటుంది.

ఆ కుర్రాళ్ళలో ఒకడు, డాక్టర్ సుకుమార్, అల్లూరు దగ్గర షెడ్డుల్లో రొయ్యలు వలిచే ఆడోళ్ళ చేతిపుండ్ల మీద తన మొదటి స్టడీ పెట్టుకున్నాడు. వాళ్ళని అడిగే ప్రశ్నల్లో "పులుసన్నం చేత్తో కలుపుకుంటావా, స్పూనుతోనా?" అని ఒకటి రాసినాడు. "ఇదేం ప్రశ్నయ్యా, వంటల పోటీనా?" అని మేడమ్ కొట్టేసి, "చేతులకి పుండ్లున్నాయా?" అని తనే రాసిచ్చింది. సుకుమార్ పోయి అడిగితే ఆడోళ్ళు నలభైమందీ లేవన్నారు.

"ఒక్కరికీ లేవా?" అని మేడమ్ ఎగిరిపడింది.

"ఉన్నాయి మేడమ్. చెప్తే పనిలోంచి తీసేస్తారని భయం. పుండు మీద పులుసు మండుతుంది గదా, అందుకే స్పూను సంగతి అడగాలనుకున్నా. మీరు కొట్టేసినారు."

మేడమ్ ఎర్రపెన్నుకి మూత పెట్టేసింది. "సరే, ఈసారి అంతా నీ ఇష్టప్రకారం రాసుకురా" అంది.

మర్నాడు సుకుమార్ తెల్లకాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టినాడు. "ఎందుకులే మేడమ్, మళ్ళీ కొట్టేస్తారు. మీరే చెప్పండి, రాసుకుంటా."

"నువ్వింకెప్పుడు నేర్చుకుంటావయ్యా!" అని తల కొట్టుకుని, మేడమ్ మొదటి ప్రశ్న చెప్పడం మొదలుపెట్టింది.