నాకు తెలిశాకే మా తమ్ముడికి పాఠం వచ్చినట్టు

మా చిన్నప్పుడు... పొద్దున్నే మేష్టారు బడికి వెళ్తూ మా వాకిట్లో ఆగేవారు. పేడనీళ్లు చల్లుతున్న నన్ను పిలిచి అడిగేవారు, "ఏటమ్మా, నిన్న మీ తమ్ముడు నీకేటి సెప్పినాడు?"

బడికి వెళ్లేది తమ్ముడు. నన్ను పంపలేదు. ఈ రోజుకీ నాకు అక్షరం ముక్క రాదు... నేను చెబుతుంటే మా కోడలు ఫోనులో కొడుతోంది. చీపురుపల్లి పక్కన పల్లె మాది.

ఆ మేష్టారిది ఒక పద్ధతి. పగలు విన్న పాఠాన్ని ప్రతి పిల్లాడూ సాయంత్రం ఇంట్లో చదువురాని మనిషికి చెప్పాలి. తల్లికో, అక్కకో, తాతకో... మర్నాడు ఆయన ఆ మనిషినే అడిగేవారు. ఆ మనిషి తన మాటల్లో తిరిగి చెబితేనే పిల్లాడికి పాఠం వచ్చినట్టు. ఆ తరవాతే పుస్తకంలో మాట పలక మీద రాయించేవారు.

ఒకసారి తమ్ముడు ఆటల్లో పడి నాకేమీ చెప్పలేదు. పొద్దున్న లేస్తూనే నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, "అప్పా, మేష్టారడిగితే అంతా తెలిసినాదని సెప్పీ" అని బతిమాలాడు. అక్కని మేము అప్ప అంటాం. సరేనని అలాగే చెప్పాను.

"ఏటి తెలిసినాదో అది సెప్పు మరి" అన్నారు మేష్టారు.

నోట్లో బెల్లం ఉంది, మాట లేదు. ఆయన నన్నేమీ అనలేదు. తమ్ముడి వైపు తిరిగి, "అప్పకి తెలీని సదువు నీకెలా తెలిసినాదిరా? ఆ అరుగు మీద కూకో. దానికి సెప్పినాకే బడికి రా" అని వెళ్లిపోయారు. వాడు ఏడుస్తూ చెప్పాడు, వాన ఎలా కురుస్తుందో... సముద్రంలో నీళ్లు ఎండకి ఆవిరై పైకెళ్లడం దగ్గర్నుంచి. ఇప్పటికీ నాకు గుర్తుంది.

పెద్ద మాటలు రాక కాదు ఆయనకు. ఊరి పక్క గెడ్డకు నీరొచ్చి గట్టు తెగి చేలు మునిగినప్పుడు తాలూకా ఆఫీసుకు అర్జీ ఆయనే రాశారు. అన్నీ పుస్తకం మాటలే. వేలిముద్రలు వేసే ముందు అదంతా మా మాటల్లో చదివి వినిపించారు. "ఇలాగే రాసీవచ్చు కదా మేష్టారూ" అని మా నాన్న అంటే, "ఆఫీసోడికి ఆ మాట, మీకు ఈ మాట. దేనికది" అన్నారు. దేనికది... అదే ఆయన పిల్లలకు నేర్పింది.

ఇప్పుడు నా మనవరాలి సంగతి వినండి. ఎనిమిదో తరగతి. టౌన్లో పెద్ద గేటున్న బడి, ఇంటి ముందుకి బస్సు. మంచి విత్తనం ఎలా ఏరతారని సారు అడిగాడట. ఆకుమడి పోసే ముందు ఏటా నాతోపాటు కూర్చుని ఏరే పిల్ల అది. అందరికంటే ముందు చెయ్యెత్తింది.

"నీళ్లలో పోస్తే తాలు తేలిపోతాది సార్. గట్టి గింజ అడుక్కెల్లిపోతాది. తేలింది తీసి పారేస్తాం."

"ఇది క్లాసా, సంతా? ఎవరు నేర్పారు నీకు ఈ భాష?"

"మా మామ్మ సార్."

"అయితే పరీక్ష కూడా మీ మామ్మనే రాయమను."

క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి అది చెయ్యెత్తడం మానేసింది. నెల దాటింది... బడిలో నోరే విప్పడం లేదని పక్కింటి పిల్ల చెబితేగాని మాకు తెలియలేదు. నేను పాఠం అడిగితే, "తక్కువ సాంద్రత గల విత్తనములు నీటి ఉపరితలంపై తేలియాడును" అని గడగడా అప్పజెప్పింది. అంటే ఏటే అన్నాను. "తెలీదు మామ్మా. అలాగే రాయమన్నారు" అంది. తాలు గింజ గురించే అది చదువుతున్నదని దానికే తెలియడం లేదు.

నాకు ఒళ్లు మండింది. మర్నాడే బడికి వెళ్లి ఆ సారుని కలిశాను.

"ఏటి బాబూ, మా పిల్ల తప్పు సెప్పినాదా?"

"తప్పని కాదమ్మా. పరీక్షలో అలా రాస్తే మార్కులు రావు."

"కాయితం మీద మీ మాటే రాయించు, నానొద్దన్లేదు. నోటితో అడిగినప్పుడు దాని మాట దాన్ని సెప్పనియ్యి. ఏ మాట ఎక్కడ వాడాలో నేర్పు గానీ, నోరు ముయ్యడం నేర్పుతావేటి? సరే, ఆ సాంద్రతంటే ఏటో నాకు సెప్పు."

"ద్రవ్యరాశికీ ఘనపరిమాణానికీ ఉండే నిష్పత్తి అమ్మా."

తెలియలేదన్నాను. మళ్లీ అదే చెప్పాడు, ఈసారి గట్టిగా.

"సెవులు బాగానే ఉన్నాయి బాబూ. మా మేష్టారైతే నిన్ను అరుగు మీద కూకోబెట్టీవోరు."

ఇంతలో గంట కొట్టారు. చూద్దాంలెండి అని లేచి వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు, చదువులే అలా తగలడ్డాయి అని పెద్దమనిషిలా అనొచ్చు. అనను. ఆయన మీదే కోపం. తెలిసిన సంగతి చెప్పిన పిల్ల చేత, తెలియకుండా రాయించాడు.

సాయంత్రం మనవరాలు నా మీద ఎగిరింది. "ఎందుకొచ్చినావు మామ్మా? నిన్ను సూసి కూడా నవ్వినారు." నన్ను చూసి నవ్వితే నాకేం నొప్పి... దాని కళ్లలో నీళ్లు మాత్రం నా కొంగుతో తుడిచాను.

నిన్న బస్సు దిగి వస్తే ఎప్పట్లాగే అడిగాను, "ఏటి సెప్పినారే ఈ పూట?"

సంచీ విప్పుతూ, నా వైపు చూడకుండా అంది... "నీకు తెలీదులే మామ్మా."

మా రోజుల్లో ఆ మాట అని తప్పించుకునే వీలు ఏ పిల్లాడికీ ఉండేది కాదు. మీ చిన్నప్పుడు మీరు పాఠం ఎవరికి చెప్పేవారు? రాయండి... కోడలు చదువుతుంది, నేను వింటాను.